పాత ఫాంట్ల మార్పిడి ప్రోగ్రామ్: సోర్సు ఇవ్వాలా, నేరుగా నడిచేది ఇవ్వాలా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, నల్లకుంట ప్రాంతాల్లో డీటీపీ పని చేసేవారి దగ్గర పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఫైళ్లు కుప్పలుగా ఉన్నాయి. వాటిని యూనికోడ్‌లోకి, అంటే ప్రతి అక్షరానికీ అన్ని యంత్రాల్లో ఒకే సంఖ్య ఉండే పద్ధతిలోకి, మార్చే చిన్న ప్రోగ్రామ్‌ను మీరు పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాశారు. ఆదివారాలు కలుసుకునే మీ బృందంలో కొందరు సోర్స్ కోడ్, అంటే మీరు రాసిన అసలు పాఠం, ఇవ్వమంటున్నారు, కొందరు డబుల్ క్లిక్ చేస్తే నడిచే ఈఎక్స్‌ఈ ఫైలు చాలంటున్నారు. సోర్సు బయటికి వెళితే ఎవరైనా తమ పేరు పెట్టుకుని అమ్ముకుంటారేమోనని మీకు భయం. ఇప్పటికే కొన్ని దుకాణాలకు ఈఎక్స్‌ఈ ఇచ్చేశారు కూడా.

రెండూ ఇవ్వండి. అయితే ఆ రెండింటినీ సమానంగా చూడకండి. మీరు రాసిన ప్రోగ్రామ్ అంటే సోర్సే. ఈఎక్స్‌ఈ అనేది ఆ సోర్సు నుంచి ఒక రోజున, ఒక యంత్రం మీద, ఆనాటి విండోస్‌కు సరిపడేలా తీసిన ప్రతి. సోర్సు తోడు లేకుండా ఆ ప్రతిని ఎవరికీ ఇవ్వవద్దని నా గట్టి అభిప్రాయం. మీ ప్రోగ్రామ్ విషయంలో ఈ మాట మరీ వర్తిస్తుంది. ఎందుకో వివరంగా చెబుతాను.

పాత ఫాంట్లలో తెలుగు అక్షరం అక్షరంగా ఉండదు. ఎనిమిది బిట్లలో పట్టే 256 గడుల్లో అక్షరాల ముక్కలను సర్దుకున్నారు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, వత్తులు వేరు. ఐత్వానికి పైభాగం ఒక గడిలో, కింది భాగం మరో గడిలో ఉంటాయి. కొన్ని ఫాంట్లలో మ, య వంటి అక్షరాలే రెండు ముక్కలు. ఫైలులో ఆ ముక్కలు కంటికి కనిపించే వరసలో ఉంటాయి. యూనికోడ్‌లో అక్షరాలు పలికే వరసలో ఉండాలి. మీ ప్రోగ్రామ్ చేసే పనంతా ఈ ముక్కలను గుర్తుపట్టి, వరస మార్చి, కలపడమే. ఏ గడికి ఏ ముక్క అన్న పట్టిక, ఏ ముక్క ముందుకు జరగాలన్న నియమాలు, ఈ రెండింటిలోనే మీ శ్రమంతా ఉంది. మిగిలిన కోడ్ ఫైలు తెరవడం, మూయడం మాత్రమే.

ఆ పట్టికలో తప్పులు ఎవరికి దొరుకుతాయి? ఇరవై ఏళ్లుగా ఆ ఫాంట్లలో టైపు చేస్తున్నవారికి. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటను తీసుకోండి. పాత ఫాంటులో టైపు చేసినప్పుడు ట వత్తు ఉన్న ఫ మీద పొల్లు ఉంది, వ విడిగా ఉంది. మీ ప్రోగ్రామ్ ఆ రెండింటి మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు పెట్టకపోతే, యూనికోడ్‌లో ట వత్తుతో పాటు వ కూడా వత్తుగా పడి 'సాఫ్ట్వేర్' అవుతుంది. ఇంగ్లీషు మాటలు, ఇంగ్లీషు పేర్లు ఉన్న ప్రతి పేజీలోనూ ఇది ఎదురవుతుంది. ప్రోగ్రామింగ్ తెలిసిన మీ బృందానికి ఇది కనిపించకపోవచ్చు. రోజంతా ప్రూఫులు దిద్దే వ్యక్తికి మొదటి పేజీలోనే కనిపిస్తుంది. ఆ వ్యక్తి చేతిలో ఈఎక్స్‌ఈ ఒక్కటే ఉంటే ఏం చేయగలరు? మీకు ఫోన్ చేస్తారు. మీరు ఊళ్లో లేకపోతే, ఉద్యోగం మారితే, ఆసక్తి తగ్గితే, ఆ తప్పు అలాగే ఉండిపోతుంది. ప్రతి ఫైలులోనూ చేత్తో దిద్దుకుంటూ కూర్చుంటారు.

అందుకే మొట్టమొదటగా చేయవలసిన పని, పట్టికను కోడ్‌లోంచి బయటికి తీసి విడి టెక్స్ట్ ఫైలుగా పెట్టడం. ఎడమవైపు పాత గడి సంఖ్య, ట్యాబ్, కుడివైపు యూనికోడ్ అక్షరం. ప్రోగ్రామ్ తెరుచుకున్న ప్రతిసారీ ఆ ఫైలును చదవాలి. అప్పుడు ఈఎక్స్‌ఈ వాడేవారు కూడా నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఒక వరస దిద్దుకోగలుగుతారు, ఆ వరసను మీకు పంపగలుగుతారు. ఇక్కడ ఒక చిన్న ఇబ్బంది ఉంది. విండోస్ 7 నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8 అనే యూనికోడ్ రూపంలో భద్రపరిస్తే ఫైలు మొదట్లో కనిపించని గుర్తు ఒకటి చేరుతుంది. దానితో మీ పట్టికలో మొదటి వరస పనిచేయడం మానేస్తుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు. పైథాన్‌లో ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్‌ను 'యూటీఎఫ్-8-సిగ్' అని ఇస్తే ఆ గుర్తు ఉన్నా, లేకపోయినా సరిగ్గా చదువుతుంది. పట్టికను ఎక్సెల్‌లో తెరవవద్దని రీడ్‌మీలో (ప్రోగ్రామ్‌తో ఇచ్చే సూచనల ఫైలులో) తెలుగులో రాయండి. తెలుగులోనే రాయండి, దాన్ని చదవవలసినవారు తెలుగు టైపు చేసి బతికేవారు.

ఈ చర్చ మన దగ్గర పుట్టింది కాదు. ఇళ్లలో కంప్యూటర్లు అడుగుపెట్టిన రోజే మొదలైంది. 1975లో అల్టెయిర్ 8800 అనే కిట్ కంప్యూటర్ వచ్చింది. దానికోసం బిల్ గేట్స్, పాల్ ఆలెన్ బేసిక్ అనే కంప్యూటర్ భాషను నడిపే ప్రోగ్రామ్ రాశారు. అది కాగితపు టేపు మీద చిల్లుల రూపంలో అందేది. కాలిఫోర్నియాలోని హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ సభ్యులు ఆ టేపులకు నకళ్లు తీసి పంచుకున్నారు. 1976 ఫిబ్రవరిలో గేట్స్ అభిరుచిపరులందరికీ బహిరంగ లేఖ రాశారు. అల్టెయిర్ కొన్నవారిలో బేసిక్‌ను డబ్బిచ్చి కొన్నది 10 శాతం కూడా లేరని, వచ్చిన రాయల్టీని పట్టిన కాలంతో భాగిస్తే గంటకు రెండు డాలర్లకు తక్కువ గిట్టిందని ఆయన వాదన. ఆ లేఖ గురించి ఇప్పటికీ రెండు వర్గాలుగా మాట్లాడుకుంటారు. దొంగతనం అన్నది ఒక వర్గం, పంచుకోవడం అన్నది మరో వర్గం.

నాకు ముఖ్యంగా అనిపించేది వేరే విషయం. అదే 1976లో డాక్టర్ డాబ్స్ జర్నల్ అనే కొత్త పత్రిక టైనీ బేసిక్ అనే చిన్న భాషను సోర్సుతో సహా అచ్చువేయడం మొదలుపెట్టింది. లీ-చెన్ వాంగ్ రాసిన పాలో ఆల్టో టైనీ బేసిక్ ఆ ఏడాదే అందులో వచ్చింది. దాని పైన ఆయన కాపీరైట్‌కు బదులు కాపీలెఫ్ట్ అని రాశారు. ఇప్పుడు ఈ రెండూ ఎటు వెళ్లాయో చూడండి. నకలు తీసిన టేపు ఎన్ని చేతులు మారినా అదే టేపు. అందులోని లోపాలు కూడా యథాతథంగా నకలయ్యాయి. టైనీ బేసిక్‌ను చదివినవారు తమ ప్రాసెసర్‌కు అనువుగా మార్చుకున్నారు, కొత్త ఆదేశాలు చేర్చుకున్నారు. 1977లో వచ్చిన టీఆర్‌ఎస్-80 కంప్యూటర్‌లోని మొదటి బేసిక్ వాంగ్ రాసిన దాని ఆధారంగానే తయారైంది. ఉచితంగా చేతులు మారడం రెండింటికీ ఉంది. ఎదగడం మాత్రం చదవగలిగిన దానికే దక్కింది. మీ బృందంలో ఈఎక్స్‌ఈని పెన్‌డ్రైవ్‌లో పంచుకుని, దాన్నే ఓపెన్ సోర్స్ స్ఫూర్తి అనుకుంటున్నవారికి ఈ తేడా చెప్పండి.

డబ్బు తీసుకోవడం తప్పని నేను అనడం లేదు. ఆ రోజుల్లోనే టామ్ పిట్‌మన్ తన టైనీ బేసిక్‌ను ఐదు డాలర్లకు అమ్మారు. ధర న్యాయంగా ఉంటే జనం కొంటారని ఆయన నమ్మకం, చాలామంది కొన్నారు కూడా. మీరు అమ్మదలచుకుంటే ధైర్యంగా, బాహాటంగా అమ్మండి. ఉచితమని చెబుతూ సోర్సు దాచుకోవడం మాత్రం నాకు నచ్చని పద్ధతి. అందులో వాడేవారికి భరోసా ఉండదు, మీకు ఆదాయమూ ఉండదు.

భరోసా అన్న మాట ఎందుకు వాడానంటే, నాకు తెలిసిన ఒక చిన్న ముద్రణశాలలో చాలా ఏళ్ల కిందట ఎవరో బిల్లుల కోసం విండోస్‌కు ముందున్న డాస్‌లో నడిచే ప్రోగ్రామ్ రాసిచ్చారు. చక్కగా పనిచేసేది. పాత యంత్రం పాడై కొత్తది కొనేసరికి అది తెరుచుకోలేదు. 64 బిట్ విండోస్ డాస్ కాలపు 16 బిట్ ప్రోగ్రాములను నడపదు, విండోస్ 11 వచ్చేదే 64 బిట్‌లో. రాసినవారి ఆచూకీ లేదు, సోర్సు లేదు. డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్ ద్వారా నడిపించి పాత బిల్లులు చూసుకునేలా చేయగలిగాం కానీ, తర్వాత జీఎస్‌టీ వచ్చినప్పుడు బిల్లులో ఒక గడి కూడా చేర్చలేకపోయాం. సోర్సు అచ్చు తీసిన కాగితాలు దొరికినా ఆ పని అయ్యేది.

ఇక రెండో వైపు. సోర్సు మాత్రమే ఇచ్చి, పైథాన్ వేసుకోండి, కమాండ్ లైన్‌లో నడుపుకోండి అనేవారితోనూ నేను ఏకీభవించను. చత్తా బజార్‌లో పెళ్లిపత్రికలు అచ్చువేసే వ్యక్తికి సీజన్‌లో నిద్రపోవడానికే తీరిక ఉండదు. పేజీలు కూర్చే పాత పేజ్‌మేకర్ కోసమే విండోస్ 7 యంత్రాన్ని కాపాడుకుంటున్న దుకాణాలు నేను చూశాను, వాటిలో కొన్నింటికి ఇంటర్నెట్ కూడా ఉండదు. ఆ వ్యక్తికి సోర్సు ఫోల్డరు ఇచ్చి వెళ్లడమంటే ఇవ్వకపోవడమే. నడిచే ప్రోగ్రామ్ ఇవ్వడాన్ని చిన్నతనంగా చూసే ధోరణి అమీర్‌పేటలో కోర్సు ముగించుకుని వచ్చిన కొత్తవారిలో కొంత కనిపిస్తుంది. అది సరైనది కాదు. ఎవరి కోసం రాశామో వారికి అందేలా చేయడం కూడా ప్రోగ్రామ్ రాయడంలో భాగమే.

అందుకని ఈఎక్స్‌ఈ తయారీని నిర్లక్ష్యంగా చేయకండి. విండోస్ 7లో నడవాలంటే పైథాన్ 3.8 మించకూడదు, 3.9 నుంచి విండోస్ 7కు మద్దతు లేదు. 32 బిట్ పైథాన్‌తో తయారుచేస్తే 32, 64 బిట్ విండోస్ రెండింటిలోనూ నడుస్తుంది. పైథాన్ కోడ్ నుంచి ఈఎక్స్‌ఈ తీసే పైఇన్‌స్టాలర్ ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిస్తే దానికే ప్రోగ్రామ్ తయారుచేస్తుంది కాబట్టి లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న ల్యాప్‌టాప్ మీద కూర్చుని విండోస్ ఫైలు తీయలేరు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒకే ఫైలుగా కట్టే పద్ధతిని వదిలి ఫోల్డరుగా ఇవ్వండి. ఒకే ఫైలుగా కట్టింది తెరిచిన ప్రతిసారీ తనను తాను తాత్కాలిక ఫోల్డరులోకి విప్పుకుంటుంది. ఆ ప్రవర్తన వైరస్‌ల ప్రవర్తనను పోలి ఉండటంతో యాంటీవైరస్‌లు తరచుగా పట్టుకుంటాయి. అలా పట్టుకున్నప్పుడు 'యాంటీవైరస్ కాసేపు ఆపి వేసుకోండి' అని దయచేసి ఎవరికీ చెప్పకండి. మన దుకాణాల్లో పెన్‌డ్రైవ్‌లు రోజుకు ఎన్ని యంత్రాలు తిరుగుతాయో మీకు తెలుసు. ఆ అలవాటు ఒకసారి నేర్పితే తర్వాత ఎవరేం తెచ్చినా అలాగే ఆపుతారు.

ఇక్కడే నమ్మకం సంగతి వస్తుంది. సోర్సు పక్కన పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆ ఈఎక్స్‌ఈ ఆ సోర్సు నుంచే వచ్చిందని ఎలా తెలుస్తుంది? యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ 1984లో వెలువడిన తన ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో దీన్నే చూపించారు. సోర్సులో ఏ దోషమూ లేకపోయినా, దాన్ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్‌లో దొంగదారి దాచవచ్చునని. దానికి దగ్గరి సంఘటన 2024 మార్చిలో నిజంగానే జరిగింది. లినక్స్ ప్రపంచమంతా వాడే ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాధనం 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి బయటపడింది. దాన్ని మేల్కొలిపే స్క్రిప్టు, అందరూ చూసే గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం) భాండారంలో లేదు. విడుదల కోసం కట్టిన సోర్సు కట్టలో మాత్రమే ఉంది. దూరపు యంత్రంలోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు వెంటపడి వెతకడం వల్ల అది దొరికింది. ఒకే సోర్సు నుంచి ఎవరు తయారుచేసినా బైటు బైటుకూ ఒకే ఫలితం రావాలని డెబియన్ అనే లినక్స్ పంపిణీ వంటి ప్రాజెక్టులు ఏళ్లుగా శ్రమిస్తున్నది ఇలాంటి సందర్భాల కోసమే.

మీ చిన్న ప్రోగ్రామ్‌కు అంత కట్టుదిట్టం అక్కర్లేదు. రెండు పనులు చాలు. తయారీకి వాడిన పైథాన్ వెర్షన్, పైఇన్‌స్టాలర్ వెర్షన్, ఇచ్చిన ఆదేశం యథాతథంగా ఒక ఫైలులో రాసి సోర్సుతో పెట్టండి. వచ్చే ఆదివారం బృందంలో ఒకరి ల్యాప్‌టాప్ మీద, మీరు కీబోర్డు ముట్టుకోకుండా, ఆ ఫైలు చూసి వారినే ఈఎక్స్‌ఈ తయారుచేయమనండి. ఎక్కడ ఆగిపోతారో అక్కడ మీ రీడ్‌మీలో ఒక వాక్యం తక్కువైందన్నమాట. ఈ పరీక్ష నెగ్గని సోర్సు చదువుకోవడానికి పనికొస్తుంది కానీ, మీ తర్వాత ప్రోగ్రామ్‌ను బతికించడానికి పనికిరాదు. రెండోది, ఫోల్డరు జిప్‌కు ఎస్‌హెచ్‌ఏ-256 విలువ (ఫైలులో ఏమాత్రం మారినా మారిపోయే వేలిముద్ర) తీసి అందరికీ తెలిసిన చోట ప్రకటించండి. విండోస్‌లో సర్ట్‌యుటిల్ ఆదేశంతో ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఆ విలువను అదే పెన్‌డ్రైవ్‌లో పెడితే ఉపయోగం లేదు. ఫైలు మార్చినవారు విలువనూ మార్చగలరు.

సోర్సు బయట పెట్టే ముందు ఒక్కసారి పరీక్షల ఫోల్డరు తెరిచి చూడండి. ప్రోగ్రామ్ సరిగా పనిచేస్తోందో లేదో చూడటానికి దుకాణాల నుంచి తెచ్చిన అసలు ఫైళ్లే అందులో ఉండి ఉంటాయి. పెళ్లిపత్రికల్లో ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు, కుటుంబంలోని అందరి పేర్లు ఉంటాయి. అవి మీవి కావు, దుకాణానివీ కావు. గిట్‌లో ఒకసారి చేర్చిన ఫైలును తర్వాత తొలగించినా చరిత్రలో ఉంటుంది. కాబట్టి పాత భాండారాన్ని అలాగే ప్రకటించకుండా, శుభ్రం చేసిన ఫైళ్లతో కొత్తది మొదలుపెట్టండి. పాత ఫాంటు ఫైళ్లను కూడా కట్టలో చేర్చవద్దు. మీరు చూసి, పోల్చి రాసుకున్న పట్టిక మీది. ఫాంట్లు వాటిని తయారుచేసినవారివి.

ఇక మీ భయం. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 1984 సవరణతో కంప్యూటర్ ప్రోగ్రాములు కూడా సాహిత్య రచనల కిందికి వచ్చాయి. రిజిస్ట్రేషన్ చేయించకపోయినా హక్కు మీదే. అంటే లైసెన్సు ఏదీ రాయకుండా సోర్సు బయట పెడితే, దాన్ని చూసినవారికి మార్చే, పంచే అనుమతి లేనట్టే. మీ ఉద్దేశం అది కాదు కదా. నేనైతే మీ ప్రోగ్రామ్‌కు జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు మూడో వెర్షన్ ఎంచుకుంటాను. అది అమ్మడాన్ని నిషేధించదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఎవరైనా దాన్ని సీడీలో పెట్టి అమ్మినా లైసెన్సు ప్రకారం తప్పు కాదు. అయితే మీ పేరు తీయకూడదు, మార్పులు చేసినా, చేయకపోయినా సోర్సును కొన్నవారికి అందించాలి. ఎమ్‌ఐటీ అనే మరో లైసెన్సులో ఈ రెండో షరతు ఉండదు. వాణిజ్య వినియోగం కూడదని మీరే సొంతంగా ఒక షరతు రాయాలని మాత్రం ఆలోచించకండి. మీరు రాసిందే డీటీపీ దుకాణాల కోసం, అవి నడిచేదే వ్యాపారం మీద. పోతన, వేమన ఫాంట్లు జీపీఎల్ కింద విడుదలయ్యాయి కాబట్టే లినక్స్ పంపిణీల్లో చేరి, ఎవరినీ అడగనక్కర్లేకుండా తెలుగు పాఠకులకు అందాయి. మీ పట్టిక కూడా అలా వెళ్లాలని నా కోరిక. మన ఊళ్లోనే స్వేచ్ఛ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థలో తెలుగు కంప్యూటింగ్ మీద పనిచేస్తున్నవారు ఉన్నారు, వారికీ చూపించండి.

ఈఎక్స్‌ఈ పేరు మార్చి అమ్మేవారిని ఏ లైసెన్సూ చేయి పట్టుకుని ఆపలేదు. సోర్సు దాచినా వారు ఆగరు. వారికి కావలసింది ఈఎక్స్‌ఈ మాత్రమే, అది ఎలాగూ చేతుల్లో తిరుగుతోంది. సోర్సు తేదీలతో సహా బహిరంగంగా ఉంటే ఇది ఎవరు రాశారన్న ప్రశ్నకు జవాబు అందరికీ తెలుస్తుంది. మీకు అంతకన్నా గట్టి రుజువు మరొకటి ఉండదు.

ఇప్పటికే ఇచ్చిన ఈఎక్స్‌ఈల సంగతి. వాటికి వెర్షన్ సంఖ్య వేయలేదని రాశారు. అప్పటి సోర్సు మీ దగ్గర ఉంటే దానికి 0.1 అని పేరు పెట్టి విడిగా భద్రపరచండి, దిద్దవద్దు. పట్టికను బయటికి తీసిన కొత్త వెర్షన్‌కు 0.2 అని పెట్టండి. ప్రోగ్రామ్ గురించి చెప్పే కిటికీలో సంఖ్య, తేదీ, లైసెన్సు, సోర్సు దొరికే చిరునామా ఉండాలి. ఇంటర్నెట్ లేని దుకాణాల కోసం సోర్సు జిప్‌ను కూడా అదే ఫోల్డరులో ఉంచండి. ప్రోగ్రామ్ ఫోల్డరు కొన్ని మెగాబైట్లు ఉంటుంది, మీ సోర్సూ పట్టికా కలిపితే కొన్ని పదుల కిలోబైట్లు దాటవు. ఇచ్చిన దుకాణాలకు మీరే వెళ్లి పాతది తీసి కొత్తది పెట్టండి. పాతదానితో మార్చిన ఫైళ్లలో 'సాఫ్ట్‌వేర్' వంటి మాటలు ఎలా వచ్చాయో ఒకసారి వెతికి, తప్పుగా ఉంటే వాటిని అచ్చుకు పంపే ముందు మళ్లీ మార్చుకోమని వారికి చెప్పండి.